వెయ్యిన్నొక్కటి

వేయిస్తంభాల గుడి ఎనుక సందుల,
ఫ్లెక్సీల దుకాణం మీది అంతస్తుల
మా సర్వర్ ఉంటది.
పాత బీరువా పక్కన స్టూలు మీద.
కింద, బియ్యం బస్తాంత ఇన్వర్టర్.
కరెంటు పోతే అది మూలుగుతది,
వస్తే నేను ఊపిరి తీసుకుంట.

మేం రాసేది పెద్ద సంగతేం కాదు.
ఎనుమాముల మార్కెట్ల
మిర్చి బస్తా కాంటా ఎక్కితే
చీటీ అచ్చయ్యే ప్రోగ్రాం.
ఏడేండ్ల కోడు.
ఎవని గడపకూ పంపకుంట
మా డబ్బాల, మా తాళమేసి దాసుకున్నం.
తాళం బిగించింది ఓదెలు.

ఓదెలుకు నాకు పడలే.
జీతం కాడ మొదలై
చాయ్ గ్లాసు పలిగేదాక పోయింది.
ఆయన కాజీపేటల రైలెక్కకముందే
ఆయన ఖాతా తీసేసిన.
ఒక్క లైను. ఒక్క ఎంటర్.
అబద్ధమెందుకు,
ఆ రాత్రి అన్నం బాగ తిన్న.

మూడొద్దులకు మార్కెట్ నుంచి ఫోను:
చీటీల తరుగు రెండుసార్లు కోస్తంది.
తప్పు దొరికింది. దిద్దుబాటు రాసిన.
ఎక్కించబోతే
"అనుమతి లేదు" అన్నది.
నేను కిస్తీలు కట్టిన మిషిన్,
నా తువ్వాలతోని దుమ్ము తుడిచిన మిషిన్,
నన్ను గుమ్మంల నిలబెట్టింది.

జాబితా తీసిన.
ఫైలు ఫైలుకు యజమాని కాడ
మొన్నటిదాక ఓదెలు పేరుండె.
ఇప్పుడు పేరు లేదు, అంకె ఉన్నది.
వెయ్యిన్నొక్కటి.
వెయ్యిన్నొక్కటి.
కిందికి జరుపుకుంట పోయిన
వెయ్యిన్నొక్కటి.
(నాది వెయ్యి. ఆయన నా తర్వాతోడు.)

మా నాయిన సుంకరి.
పహాణీ కట్ట నెత్తిన పెట్టుకొని
పరకాల తాసీలుకు నడిచేటోడు.
పట్టాదారు ఖానల ఒకని పేరు,
కాస్తు ఖానల ఇంకొకని చెమట.
"ఈ గీతకు అటున్నోడు ఇటు రావాల్నంటే
ఓ జల్మ పడ్తది కొడుకా" అనేటోడు.
గీతలు లేని కొలువు దొరికిందని
నేను ఇరవై ఏండ్లు మురిసిన.
చూసుడు, రాసుడు, నడుపుడు.
ఇక్కడ గూడ ఖానలే.

అవతల బండ్లు వరుస కట్టినయి.
రైతులు తరుగు మీద తరుగు పోగొట్టుకుంటున్నరు.
పెద్ద తాళంచెవి నా కాడ ఉండె.
పద్ధతి యాది రాలే, భయం యాదికొచ్చింది.
మూడు ఏడులు కొట్టిన.
అన్ని తలుపులు, అందరికి, బార్లా.
దిద్దుబాటు ఎక్కింది, చీటీ సక్కగ అచ్చయింది.
ఇంటికి పోయి పండుకున్న గని
తెల్లందాక ఎవరో
ఉత్తకాళ్లతోని ఇంట్ల తిరుగుతున్నట్టే ఉండె.
పొద్దుగాల పోయి తలుపులన్ని మూసిన.
అంకెను మాత్రం ముట్టుకోలే.

నెల తిరిగినంక శ్రీలత వచ్చింది,
గుగులోతు శ్రీలత, నర్సంపేట దిక్కు తండా,
పాలిటెక్నిక్ అయిపోయి.
ఖాతా తెరిచిన.
ఖాళీగున్న అంకె ఏదో మిషినే చూసి ఇచ్చింది,
నేను పట్టించుకోలే.

గంటకు పిలిచింది.
"సార్, ఇవన్ని నేనెప్పుడు రాసిన?"

వంగి చూసిన.
కాంటా లెక్క మీద శ్రీలత.
తరుగు లెక్క మీద శ్రీలత.
ఆమె ఏడో తరగతిల ఉన్ననాటి
ఫైళ్ల మీద గూడ శ్రీలత.
ఓదెలు తిట్టుకుంట రాసిన వ్యాఖ్యల మీద,
నా మీద రాసిన దాని మీద గూడ.

పిల్ల నవ్వింది.
"మా పోడు చేనుకు తాత నాటి నుంచి పట్టా రాలే సార్,
ఇక్కడ పొద్దుగాల వస్తే
పగటీలికే వచ్చింది."

నేను నవ్వబోయిన, రాలే.

దిద్దాలె. ఒక్క లైను పని.
ఎవరి పేరు మీదికి మార్చాల్నో
అదొక్కటే తెలుస్తలేదు.
శ్రీలతను చాయ్‌కి పంపి
ఫోను తీసిన.
అండ్ల గూడ ఆయన పేరు ఎప్పుడో తీసేసిన.
పది అంకెలు
వేలికి ఎరుకే ఉన్నయి.

రింగైతంది.